చూపును కొలుచువారు
గ్రామ నేత్రరక్షణలో ఆప్టోమెట్రిస్టు స్థానము

ఏ పాఠశాలలోనైనను ఒక తరగతి గదిలోనికి పోయి వెనుక వరుసను కొంచెము సేపు గమనింపుడు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క వ్రాయగానే పిల్లలందరును బల్లవైపు చూతురు. ఒక్క పిల్లవాడు మాత్రము ప్రక్కవాని పుస్తకములోనికి తొంగి చూచును. "సొంతముగా చేయుట నీకు చేతకాదా?" అని ఉపాధ్యాయుడు మందలించును. "వీనికి చదువు అబ్బదు" అని ఇంటివారు నిట్టూర్చుదురు. కాని ఆ పిల్లవాని తెలివికి ఏ లోపమును లేకపోవచ్చును. బల్లమీది అక్షరములు వానికి కనబడుట లేదు, అంతే. విచిత్రమేమనగా, ఆ సంగతి వానికే తెలియదు. లోకము ఎల్లవారికిని తనకు కనబడినట్లే మసకగా కనబడుచున్నదని వాని నమ్మకము. దూరపు చెట్టుమీది ఆకులు విడివిడిగా కనబడునని వానికి ఎవరును చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకొన్ననాడు గాని అది వానికి తెలియదు.

ఈ లోపమునకు మందు అక్కరలేదు, శస్త్రచికిత్స అక్కరలేదు. తగిన కటకములు గల ఒక కళ్ళజోడు చాలును. అయితే ఆ కటకములు ఎంత శక్తి గలవై యుండవలెనో ఎవరో ఒకరు కొలిచి చెప్పవలెను. కొలిచినప్పుడు, లోపము కళ్ళజోడుతో తీరునదియా, లేక కంటిలో వ్యాధి దాగియున్నదా అనికూడ గుర్తింపవలెను. ఆ పని చేయు మనిషి పిల్లవాని ఊరికి ఎంత దూరములో ఉన్నాడు? ఈ ప్రశ్నపైననే ఆ పిల్లవాని చదువు ఆధారపడియున్నది. చూపును కొలుచు ఆ మనిషియే ఆప్టోమెట్రిస్టు. వారి పనియేమి, ప్రజల నేత్రరక్షణలో వారికి ఇంకను ఎంత స్థానము ఈయవలెను, ఎచ్చట హద్దు గీయవలెను అను విషయములను ఈ వ్యాసములో పరిశీలింతము.

కన్ను, కటకము

ముందుగా కన్ను ఎట్లు చూచునో జ్ఞప్తికి తెచ్చుకొందము. కంటి గుడ్డు ముందువెనుకల సుమారు 24 మిల్లీమీటర్ల పొడవుండును. ముందుభాగమున కార్నియా అను పారదర్శకమైన పొర కలదు. దాని వెనుక కంటిపాప, దానికి వెనుక కటకము, అన్నిటికంటె వెనుక నేత్రపటలము ఉన్నవి. బయటి వస్తువునుండి వచ్చు కాంతికిరణములను కార్నియాయు, కటకమును వంచి నేత్రపటలముపై ఒక చోట చేర్చును. అచ్చట ప్రతిబింబము స్పష్టముగా పడినప్పుడే చూపు స్పష్టముగా నుండును.

కిరణములను వంచు శక్తిని డయాప్టరులలో కొలుతురు. ఒక కటకపు నాభ్యంతరమును మీటర్లలో వ్రాసి, దానితో 1ని భాగించిన డయాప్టరుల సంఖ్య వచ్చును. ఒక మీటరు నాభ్యంతరము గల కటకపు శక్తి 1 డయాప్టరు. అరమీటరు దానిది 2 డయాప్టరులు. మన కంటి మొత్తము శక్తి సుమారు 60 డయాప్టరులు. ఇందు రెండువంతులకు పైగా కార్నియాదే.

కంటి పొడవునకును, ఈ శక్తికిని పొత్తు కుదరనిచో వక్రీభవన దోషము కలుగును. కన్ను పొడవైనచో ప్రతిబింబము నేత్రపటలమునకు ముందే ఏర్పడును. దగ్గరి వస్తువులు కనబడును, దూరపువి మసకబారును. ఇది హ్రస్వదృష్టి. గుడ్డు ఒక్క మిల్లీమీటరు పొడవు పెరిగినను దాదాపు 3 డయాప్టరుల దోషము వచ్చును. అనగా ఎంత సన్నని కొలతతో ప్రకృతి పనిచేయవలెనో ఊహింపుడు. కన్ను పొట్టిదైనచో ప్రతిబింబము నేత్రపటలమునకు వెనుకకు పోవును; ఇది దీర్ఘదృష్టి. కార్నియా అన్ని దిక్కుల ఒకే తీరున వంగియుండక, ఒక దిక్కున ఎక్కువగను, మరియొక దిక్కున తక్కువగను వంగియున్నచో గీతలు కొన్ని స్పష్టముగను, కొన్ని అస్పష్టముగను కనబడును, ఇది అసమదృష్టి.

నలువది ఏండ్లు దాటిన పిమ్మట దాదాపు ప్రతివారికిని వచ్చు మార్పు ఇంకొకటి కలదు. బాల్యమున కంటి కటకము మెత్తగా నుండి, దగ్గరి వస్తువును చూచునపుడు ఉబ్బి తన శక్తిని పెంచుకొనును. వయస్సుతో అది గట్టిపడి ఆ నేర్పును కోల్పోవును. అప్పుడు పత్రికను చేయి చాచి పట్టుకొని చదువుట, సూదిలో దారము ఎక్కించుటకు మనుమని పిలుచుట మొదలగును. దీనిని మన పెద్దలు చత్వారము అని పేరు పెట్టి పిలిచిరి. నలుబదవ పడిలో వచ్చునది గనుక ఆ పేరు ఎంతయు తగియున్నది.

ఒక చిన్న లెక్కను చూడుడు. ఒక విద్యార్థికి అరమీటరు దూరమువరకు మాత్రమే స్పష్టముగా కనబడుననుకొందము. ఆతని కంటికి 1 భాగించబడు 0.5, అనగా 2 డయాప్టరుల శక్తి అధికముగా నున్నదన్నమాట. ఆ అధికమును తీసివేయుటకు 2 డయాప్టరుల పుటాకార కటకము కావలెను. కళ్ళజోడు చీటీలో తీసివేత గుర్తుతో 2 అని ఉండుటకు అర్థమిదియే. దీర్ఘదృష్టికిని, చత్వారమునకును కుంభాకార కటకము వలయును గనుక అచ్చట కూడిక గుర్తు వేయుదురు.

తరగతిలో చేయదగిన రెండు పరీక్షలు

మొదటి పరీక్షకు ఒక అట్టముక్కయు, గుండుసూదియు చాలును. అట్టలో ఒక మిల్లీమీటరు వెడల్పు గల రంధ్రము చేయుడు. దూరదృష్టి మసకగా నున్న విద్యార్థిని ఒక కన్ను మూసుకొని, రెండవ కంటితో ఈ రంధ్రము గుండ నల్లబల్లను చూడుమనుడు. అక్షరములు ముందటికంటె స్పష్టముగా కనబడినచో ఆ మసకకు కారణము చాలవరకు వక్రీభవన దోషమే. ఏలయన, సన్నని రంధ్రము సన్నని కిరణపుంజమునే లోనికి పోనిచ్చును. కిరణములు సరియైన చోట కలియకున్నను వాటివలన నేత్రపటలముపై ఏర్పడు మసక వలయము చిన్నదగును. రంధ్రము గుండ చూచినను చూపు మెరుగుపడనిచో కారణము వేరొకటి కావచ్చును: కటకము మసకబారి యుండవచ్చును, నేత్రపటలమునకో, నాడికో వ్యాధి యుండవచ్చును. ఒక చిన్న రంధ్రము కళ్ళజోడుతో తీరు లోపమును, వైద్యుడు చూడవలసిన లోపమును ఇట్లు స్థూలముగా వేరుచేయుచున్నది. ఈ విభజనయే ఈ వ్యాసమునకు మూలము; పాఠకులు దీనిని గుర్తుంచుకొందురుగాక.

రెండవ పరీక్ష చూపును కొలుచుట. హాలెండు దేశపు నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో అక్షరముల పటమును రూపొందించెను. ఆరోగ్యవంతమైన కన్ను గుర్తింపవలసిన అక్షరము కంటివద్ద 5 నిమిషముల కోణము చేయవలెనని ఆయన నియమము. ఇచ్చట నిమిషమనగా డిగ్రీలో అరువదవ వంతు. 6 మీటర్ల దూరమున ఆ కోణము చేయు అక్షరపు ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు. దానిని గుర్తించు చూపును 6/6 అందురు. ఆరోగ్యవంతుడు 60 మీటర్లనుండి గుర్తింపగల పెద్ద అక్షరమును 6 మీటర్లకు వచ్చిన గాని గుర్తింపలేనివాని చూపు 6/60.

పాఠశాలలో 6/9 పరీక్ష సరిపోవును. తెల్ల కాగితముపై నల్ల సిరాతో మూడుకాళ్ళ దువ్వెనవంటి ఆంగ్లాక్షరము 'ఈ'ని 13 మిల్లీమీటర్ల చదరములో గీయవలెను. ప్రతి గీత మందమును, గీతల నడుమ ఎడమును అందులో అయిదవ వంతు ఉండవలెను. కాళ్ళు పైకి, క్రిందికి, కుడికి, ఎడమకు ఉండునట్లు నాలుగైదు అక్షరములు గీచి, మంచి వెలుతురులో పిల్లవాని కంటి ఎత్తున గోడకు అంటించి, 6 మీటర్ల దూరమున వానిని నిలుపవలెను. కాళ్ళు ఏ దిక్కున ఉన్నవో చేతితో చూపించిన చాలును. అక్షరములు రాని పసివారినిగూడ ఇట్లు పరీక్షింపవచ్చును. ఒక్కొక్క కంటిని విడివిడిగా పరీక్షించుట ముఖ్యము. ఒక కన్ను బాగుగా నున్నచో రెండవదాని లోపము ఎవరికిని తెలియదు. చిన్నతనమున ఒక కంటికి స్పష్టమైన ప్రతిబింబము అందనిచో మెదడు ఆ కంటిచూపును ఉపేక్షించును. దీనిని మందదృష్టి అందురు. ఏడెనిమిది ఏండ్లలోపల సరిచేయకున్నచో పిమ్మట సరిచేయుట కష్టమగును. అందుచేతనే ఈ పరీక్షకు ఆలస్యము పనికిరాదు.

ఒక హెచ్చరిక: దీర్ఘదృష్టి గల పిల్లలు కంటికి శ్రమ కల్పించుకొని ఈ పరీక్షలో నెగ్గవచ్చును. కావున చదువునపుడు తలనొప్పి, కళ్ళనుండి నీరు కారుట, మెల్లకన్ను ఉన్న పిల్లలను పరీక్ష ఫలితముతో నిమిత్తము లేకయే పంపవలెను.

ఎవరి వద్దకు పంపవలెను?

కంటికి సంబంధించిన ముగ్గురిని మన ప్రజలు తరచు ఒకరినిగా భావింతురు. నేత్రవైద్యుడు వైద్యశాస్త్రము చదివి, పిమ్మట నేత్రచికిత్సలో ప్రత్యేకశిక్షణ పొందినవాడు. మందులిచ్చును, శస్త్రచికిత్స చేయును. కళ్ళద్దముల దుకాణదారు ఇచ్చిన చీటీ ప్రకారము కటకములను చట్రములో అమర్చి ఇచ్చును. ఈ ఇద్దరి నడుమ ఉన్నవారు ఆప్టోమెట్రిస్టులు. చూపును కొలుచుట, వక్రీభవన దోషమును నిర్ణయించి కళ్ళజోడు చీటీ వ్రాయుట, కంటి కండరముల పొందికను పరీక్షించుట, కంటిలోపలి ఒత్తిడిని కొలుచుట, వ్యాధి లక్షణములు కనబడినచో నేత్రవైద్యుని వద్దకు పంపుట వీరి పని.

వీరి నేర్పునకు ఒక ఉదాహరణ చాలును. మాటలు రాని శిశువుకు, అక్షరజ్ఞానము లేని వృద్ధునకు ఎంత శక్తిగల కటకము కావలెనో ఎట్లు తెలియును? రెటినోస్కోపు అను చిన్న పరికరముతో కంటిపాపలోనికి వెలుగుగీతను పంపి అటునిటు కదపుదురు. నేత్రపటలమునుండి తిరిగివచ్చు ఎఱ్ఱని కాంతి కొన్ని కళ్ళలో గీత పోయిన వైపునకే పోవును, కొన్నింటిలో ఎదురుగా పోవును. కంటి ముందు కటకములను మార్చుచు, ఆ కదలిక ఆగిపోవు కటకమును పట్టుకొందురు. పరీక్షించు దూరమునకు సరిపడు శక్తిని అందులో సవరించిన కంటి లోపము తెలియును. రోగి నోరు విప్పనక్కరలేదు.

మన దేశమున ఈ విద్యకు తెలుగునాటితో పాతసంబంధము కలదు. రెండవ పంచవర్ష ప్రణాళికా కాలమున, 1958లో, ఆప్టోమెట్రీ పాఠశాలలను ఆలీగఢ్‌లోని గాంధీ కంటి ఆసుపత్రిలోను, హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రిలోను నెలకొల్పిరి. అప్పటిది డిప్లొమా చదువు. 1985లో మద్రాసులో ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ స్థాపనతో నాలుగేండ్ల పట్టా చదువు వచ్చెను. 1976లో ప్రారంభమైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము క్రింద ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు నేత్రసహాయకులను తయారుచేసిరి. ఇన్ని విధముల శిక్షణ పొందినవారు పనిచేయుచున్నను, వారి చదువునకును, వృత్తికిని దేశమంతటికి ఒకే ప్రమాణము చిరకాలము లేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషను చట్టము ఆప్టోమెట్రిస్టులను గుర్తింపు పొందిన వృత్తులలో చేర్చెను.

లోపము ఎంత, నష్టము ఎంత?

1996 నుండి 2000 వరకు ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఒక పెద్ద నేత్రసర్వే జరిగెను. హైదరాబాదు నగరమునను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల పల్లెలలోను పదివేల మందికి పైగా ప్రజల కళ్ళను పరీక్షించిరి. అంధులలో నూటికి సుమారు అరువది మంది అంధత్వమునకు కారణములు రెండే: శుక్లము, వక్రీభవన దోషము. మొదటిది శస్త్రచికిత్సతో పోవునది. రెండవది కళ్ళజోడుతో పోవునది. కళ్ళజోడు లేక అంధుడుగా బ్రతుకుట ఎంత విచారకరమో చెప్పనక్కరలేదు.

ప్రపంచమంతటి లెక్కయు ఇట్లే ఉన్నది. దృష్టిని గూర్చి ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ప్రకటించిన నివేదిక ప్రకారము కనీసము 220 కోట్ల మందికి ఏదో ఒక దృష్టిలోపము కలదు. అందు కనీసము 100 కోట్ల మంది లోపము నివారింపదగినదో, ఇంకను సరిచేయబడనిదో అయియున్నది. ఈ 100 కోట్లలో 80 కోట్లకు పైగా చత్వారమునకు కళ్ళజోడు లేనివారే. అందుచేతనే 2021లో ప్రపంచ ఆరోగ్యసభ, తగిన కళ్ళజోడు అందినవారి శాతమును 2030 నాటికి 40 పాళ్ళు పెంచవలెనని లక్ష్యముగా పెట్టుకొన్నది.

కళ్ళజోడు లేకుంటే పోవునదేమి అని ఎవరైన అడుగవచ్చును. అస్సాము తేయాకు తోటలలో నలువది ఏండ్లు దాటిన కూలీలపై జరిగిన ఒక పరిశోధన 2018లో ప్రకటింపబడినది. చత్వారము గలవారిలో సగము మందికి దగ్గరిచూపు కళ్ళజోళ్ళు వెంటనే ఇచ్చిరి. తక్కినవారికి పరిశోధన ముగిసిన పిమ్మట ఇచ్చిరి. కళ్ళజోడు ఉన్నవారు కోసిన ఆకు, లేనివారితో పోల్చగా, సుమారు 22 శాతము అధికముగా పెరిగెను. కోసిన ఆకు బరువును బట్టి కూలి వచ్చువారికి ఇది చిన్న సంగతి కాదు. పశ్చిమ చైనాలో 2012-13 విద్యాసంవత్సరమున 252 ప్రాథమిక పాఠశాలలలో జరిగిన మరియొక పరిశోధనలో, ఉచితముగా కళ్ళజోళ్ళు ఇచ్చిన పాఠశాలల పిల్లలకు గణితములో మార్కులు మెరుగైనవి. మన వెనుక వరుస పిల్లవాని కథకు ఇది సాక్ష్యము.

మెట్ల వరుస

నేత్రవైద్యులు అధికముగా పట్టణములలో ఉందురు. ఒక నేత్రవైద్యుని తయారుచేయుటకు అనేక సంవత్సరములు పట్టును. ఊరూర ఒక నేత్రవైద్యుని నిలుపుట ఏ దేశమునకును సాధ్యముకాదు, అవసరమును కాదు. కళ్ళజోడు కొలతకై వచ్చినవారితోనే శస్త్రవైద్యుని రోజంతయు గడచినచో, శుక్లములు తీయించుకొనవలసినవారు నెలల తరబడి వేచియుండవలెను. కావున పనిని మెట్లుగా విభజింపవలెను.

ఇట్టి విభజనకు తెలుగునాట ఒక మంచి ఉదాహరణ కలదు. హైదరాబాదులో 1980ల చివర డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞానసంస్థ నేత్రరక్షణను ఒక పిరమిడువలె అమర్చెను. అడుగున సుమారు 50,000 మంది జనాభాకు ఒక దృష్టికేంద్రము. ఇందు నేత్రవైద్యుడు ఉండడు. స్థానికులైన యువతీయువకులు ఒక సంవత్సరము శిక్షణ పొంది చూపు కొలుతురు, కళ్ళజోళ్ళు ఇత్తురు, వ్యాధులను గుర్తించి పైకి పంపుదురు. దానిపైన సుమారు 5 లక్షల మందికి శస్త్రచికిత్స జరుపు ఒక ఆసుపత్రి. ఆపైన 50 లక్షల మందికి పెద్ద ఆసుపత్రి. శిఖరమున అన్నిటికిని శిక్షణనిచ్చు సంస్థ. రెండవ మెట్టు ఆసుపత్రులలో మొదటిది 1996లో నాటి ఆదిలాబాదు జిల్లాలోని, నేటి నిర్మల్ జిల్లాలోని ముధోల్‌లో వెలసెను. దృష్టికేంద్రములు ఇప్పుడు రెండువందలకు పైగా ఉన్నవి. మధురలోని అరవింద్ కంటి ఆసుపత్రియు తమిళనాట ఇట్టి కేంద్రములను నడుపుచున్నది. అచ్చట రోగి తన ఊరిదగ్గరనే కూర్చుండి తెరపై నేత్రవైద్యునితో మాటలాడును.

ఈ ఏర్పాటులో గమనింపదగినది, మనిషి దూరము తగ్గుట. కళ్ళజోడు ఖరీదు కొద్దిదైనను, పట్టణమునకు పోవుటకు బస్సుఛార్జీ, ఒకనాటి కూలి, తోడువచ్చినవాని కూలి కలిపిన అది పేదవానికి మోయలేని భారమగును. కేంద్రము నడకదూరములో ఉన్నచో ఈ భారము తొలగును.

తెలుగు ప్రభుత్వములు మరియొక మార్గమునుగూడ అనుసరించినవి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపూరు గ్రామమున "కంటి వెలుగు" ప్రారంభమై, మొదటి విడతలో కోటిన్నర మందికి పైగా ప్రజల కళ్ళను పరీక్షించెను. రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మములో మొదలయ్యెను. ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరు 10న అనంతపురమున ఇట్టి కార్యక్రమమే ఆరంభమై, మొదట బడిపిల్లలను పరీక్షించెను. ఇన్ని లక్షల కళ్ళను కొద్దినెలలలో పరీక్షింపగలుగుటకు ఊళ్ళకు పోయిన బృందములలో ఆప్టోమెట్రిస్టులు ఉండుటయే కారణము. కాని శిబిరము వానవంటిది, కురిసి వెళ్ళిపోవును. పిల్లవాని కన్ను ఏటేట పెరుగును, కటకపు శక్తి మారును, కళ్ళజోడు విరుగును, ఈ యేడు నలుబదవ పడిలోనికి వచ్చినవారు నిరుడు శిబిరమునకు పోయియుండరు. వాన నీటిని నిలుపుటకు చెరువు కావలసినట్లే, శిబిరము ఇచ్చిన చూపును నిలుపుటకు స్థిరమైన కేంద్రమును, అందు స్థిరమైన ఉద్యోగియు కావలెను.

అధికారము ఎంతవరకు?

ఇంతవరకు చెప్పినదానిని ఎవరును కాదనరు. భిన్నాభిప్రాయము మొదలగునది ఇచ్చటనే. ఆప్టోమెట్రిస్టు కళ్ళజోడు కొలుచుటతో ఆగవలెనా? మధుమేహరోగుల నేత్రపటలమును పరీక్షించుట, నీటికాసులను పసికట్టుట, శస్త్రచికిత్స పిమ్మట రోగిని చూచుట, చిన్న రుగ్మతలకు మందు ఇచ్చుట ఇవికూడ వారికి అప్పగింపవచ్చునా?

కొందరు నేత్రవైద్యులకు ఇందు భయము కలదు. అది నిరాధారమైనది కాదు. నీటికాసుల వ్యాధినే తీసికొందము. ఇందు కంటినాడి మెల్లమెల్లగా క్షీణించును. చాలమందికి నొప్పి ఉండదు. నడిమి చూపు చివరివరకు నిలుచును. అంచులు మాత్రము క్రమముగా చీకటిపడును. పోయిన చూపు మరల రాదు. పైన చెప్పిన సర్వేలో హైదరాబాదు నగరమున ఈ వ్యాధిలో ఎక్కువగా కనబడు రకము ఉన్నట్లు తేలినవారిలో పదింట తొమ్మండుగురికి పైగా అంతకుముందు ఆ సంగతియే తెలియదు. ఇట్టివాడు కళ్ళజోడుకై వచ్చినప్పుడు, అక్షరములు చదివించి చీటీ వ్రాసి పంపినచో, "కళ్ళు పరీక్ష చేయించుకొంటిని" అను ధైర్యముతో ఆతడు ఇంటికి పోవును. ఆ ధైర్యమే ఆతని చూపునకు శత్రువగును.

అయితే ఈ వాదము ఎటు త్రిప్పినను ఒకచోటికే చేరును. ఆ రోగి ఆప్టోమెట్రిస్టును తప్పించుకొని నేరుగా నేత్రవైద్యుని వద్దకు పోవుచున్నాడా? లేదు. నొప్పి లేనివాడు ఎచ్చటికిని పోడు. వాడు స్వయముగా వచ్చునది కళ్ళజోడు కొఱకే. కావున వ్యాధిని ముందుగా పట్టగల చోటు కళ్ళజోడు కొలుచు గదియే. అచ్చట కూర్చున్నవారికి కంటిలోపలి ఒత్తిడిని కొలుచుట, నాడి మొదలును పరికించుట, నేత్రపటలపు ఛాయాచిత్రమును తీసి వైద్యునకు పంపుట తెలిసియుండవలెను. వారి పనిని కుదించిన వ్యాధి దాగును. శిక్షణతో విస్తరించిన బయటపడును. వ్యాధి నిర్ణయము, శస్త్రచికిత్స వైద్యునివే. అనుమానించి సకాలమున పంపుట ఆప్టోమెట్రిస్టు ధర్మము.

స్కాట్లాండు అనుభవము ఇచ్చట ఉపకరించును. 2006 ఏప్రిల్ నుండి అచ్చటి ప్రజలు ఊరి ఆప్టోమెట్రిస్టు వద్ద ప్రభుత్వవ్యయముతో కంటిపరీక్ష చేయించుకొనుచున్నారు. అది కళ్ళజోడు కొలత మాత్రమే కాదు, కంటి ఆరోగ్యపరీక్ష. కంటికి బాధ కలిగిన మనిషి మొదట పోవలసినది అచ్చటికే. అదనపు శిక్షణ పొంది అర్హత సంపాదించినవారు కొన్ని మందులుగూడ వ్రాయుదురు. అయితే ఆ దేశములో వృత్తిని నియమించు చట్టము 1958 నుండియు ఉన్నది. పేరు నమోదు కానివారు ఆ పని చేయరాదు. అధికారము నియమము వెంట వచ్చినదేగాని, నియమమునకు ముందు రాలేదు.

మన విధానమునకు ఇందుండి గ్రహింపవలసిన అంశములు నాలుగు. మొదటిది, చదువునకు ఒకే ప్రమాణము, పేర్ల నమోదు ఉండవలెను. 2021 చట్టము దానికి దారి చూపినది. ఒక సంవత్సరము శిక్షణ పొందినవారును, నాలుగేండ్లు చదివినవారును ఒకే పని చేయలేరు. ఎవరి హద్దు ఎంతయో స్పష్టముగా వ్రాసియుండవలెను. రెండవది, ప్రభుత్వ ప్రాథమిక వైద్యకేంద్రములలో వారికి స్థిరమైన ఉద్యోగము ఉండవలెను. 2018 నుండి ఆరోగ్యకేంద్రముల సేవల జాబితాలో నేత్రరక్షణగూడ చేరినది; జాబితాలోని సేవకు చేయు మనిషి కావలెను. మూడవది, ఏ లక్షణమునకు రోగిని ఎంత త్వరగా, ఎచ్చటికి పంపవలెనో వ్రాతపూర్వకమైన నియమము, పంపిన రోగి చేరినాడో లేదో తెలిసికొను ఏర్పాటు ఉండవలెను. నాలుగవది, చీటీ వ్రాసినచోటనే కళ్ళజోడు దొరకవలెను. లేనిచో చీటీ జేబులోనే నలిగిపోవును. కళ్ళజోళ్ళ అమ్మకముపై వచ్చు లాభము చీటీ వ్రాయువారి నిర్ణయమును వంచకుండ చూచుటయు ఇందులోనిదే.

ఉపాధ్యాయుని మెట్టు

పిరమిడునకు అడుగున దృష్టికేంద్రము ఉన్నదని చెప్పితిమి. నిజమునకు దానికంటె క్రింద ఇంకొక మెట్టు కలదు, అదియే తరగతిగది. ఆప్టోమెట్రిస్టు ఏడాదికొకసారి ఊరికి వచ్చిన వచ్చును. ఉపాధ్యాయుడు ప్రతిదినము అరువది కళ్ళను చూచుచున్నాడు. కనులు చికిలించువాడు, పుస్తకమును ముక్కుకు ఆనించువాడు, తల ప్రక్కకు వంచి చూచువాడు, బల్లమీదిది తప్పుగా ఎత్తి వ్రాయువాడు ఎవరో ఆయనకే తెలియును. ప్రతి సంవత్సరము పాఠశాల తెరచిన మొదటి మాసములో పైన చెప్పిన అక్షరపటముతో ఒక్కపూట వెచ్చించినచో తరగతి అంతటిని పరీక్షింపవచ్చును. పై తరగతుల విద్యార్థులే భౌతికశాస్త్రపు ప్రయోగముగా పటమును గీచి, దూరము కొలిచి, ఫలితములను పట్టికలో వ్రాయవచ్చును. పరీక్షలో తప్పినవారి పేర్లు దండోరా వేయక, తలిదండ్రులను పిలిచి చెప్పి, ఆప్టోమెట్రిస్టు వద్దకో, ఆరోగ్యకేంద్రమునకో పంపవలెను. కళ్ళజోడుతో తిరిగివచ్చిన పిల్లను తోటివారు "నాలుగు కళ్ళది" అని ఎగతాళి చేయకుండ చూచుటయు ఉపాధ్యాయుని పనియే. ముఖ్యముగ ఆడపిల్లల విషయమున, "కళ్ళజోడు పెట్టినచో పెండ్లి కాదు" అని పెద్దలు దాచివేయుట ఇంకను అక్కడక్కడ వినబడుచున్నది. చూపు లేక చదువు చెడుటకంటె కళ్ళజోడు అందము చెడగొట్టదని వారికి నచ్చజెప్పవలెను.

ఇప్పుడు మరల ఆ వెనుక వరుస చూడుడు. అచ్చట కూర్చున్న పిల్లవానికిని, స్పష్టమైన లోకమునకును నడుమ నాలుగు మెట్లున్నవి: గమనించు ఉపాధ్యాయుడు, కొలుచు ఆప్టోమెట్రిస్టు, చికిత్స చేయు నేత్రవైద్యుడు, వీరిని ఒక వరుసలో నిలుపు ప్రభుత్వము. పిల్లలలో చాలమందికి మొదటి రెండు మెట్లే చాలును. మొదటి మెట్టు ఈ పత్రికను చదువుచున్న మీ చేతిలోనే ఉన్నది. రెండవ మెట్టు పల్లె పల్లెకును అందునట్లు చేయుట సమాజము తీసికొనవలసిన నిర్ణయము. అది జరిగిననాడు, "చదువు అబ్బదు" అని మనము తీర్పు చెప్పిన పిల్లలలో కొందరు కేవలము బల్ల కనబడక వెనుకబడినవారేయని మనకు తెలియగలదు.